బోర్లించని గ్లాసు

హాలు, పై అంతస్తు, చివరి గది
జులై 9

అత్తా,

ఈ రోజు మొదటి ఆశ్చర్యం పొద్దున్నే ఎదురైంది. గంట మోగింది గానీ, కొట్టిన మనిషికి అది వినపడలేదు!

నిద్రకళ్ళతో మెట్లు దిగి చూస్తే, ప్రార్థనాలయం గుమ్మం పక్కన పిట్టంత సిస్టర్ ఒకావిడ తాడు పట్టుకుని వేలాడుతోంది. తాడు కిందికొస్తే ఆవిడా కిందికి, తాడు పైకెళ్తే ఆవిడ మడమలూ పైకి. "రోజూ మీరే కొడతారా సిస్టర్?" అని అడిగాను. జవాబు లేదు. గట్టిగా అడిగాను. వెనకనుంచి వంటావిడ నవ్వింది. "గొంతు చించుకోకు తల్లీ. ఆవిడకి చెవులు పోయి ఏళ్ళయింది. తాడు అరచేతుల్లో వణికితే మోగినట్టు, వణుకు ఆగితే ఆగినట్టు. అంతే లెక్క."

ఇక్కడ అందరూ ఆవిడని గంట సిస్టర్ అంటారు. నీకు నేను చెప్పాలా? నువ్వు చదువుకుంది ఇక్కడే, సన్యాసం పుచ్చుకుంది ఇక్కడే, తర్వాత మీ సిస్టర్లు నడిపే ఈ అమ్మాయిల హాలుకి మదర్‌వి అయిందీ ఇక్కడే. "మా అక్క పెళ్ళి చేసుకోకుండానే కోడల్ని సంపాదించుకుంది, ఇప్పుడా కోడల్ని కాపురానికి కూడా పంపిస్తోంది" అని నాన్న రైల్లో ఎక్కించేటప్పుడు కూడా వెక్కిరించాడు. కాపురం బాగానే ఉంది. ఇద్దరు పట్టే గదిలో ఒక్కదాన్ని. రెండో మంచం మీద పుస్తకాలు పడుకుంటున్నాయి.

నువ్వు చెప్పిన హాలుకీ నేను చూస్తున్న హాలుకీ వయసు తేడా ఉంది. తూర్పు వైపంతా తాళం వేసేశారు. భోజనాల గదిలో బల్ల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటే, మేం ఆరుగురు అమ్మాయిలం, ఇప్పటి మదర్, గంట సిస్టర్ ఒక చివర ముడుచుకుని కూర్చుంటాం. మిగతా బల్లంతా ఎవరో రావాల్సినట్టు ఖాళీగా ఉంటుంది. చుట్టూ యూనివర్సిటీ అద్దాల భవనాలు. "మధ్యలో మనది పుచ్చిన పన్ను" అంటుంది నా పక్కగది అమ్మాయి. పళ్ళ డాక్టరు చదువుతోంది లే, ఆవిడకి ప్రపంచమంతా ఒక నోరు. మేం ఆమెని పళ్ళావిడ అంటాం.

రాత్రి భోజనం దగ్గర నా పరువు పోయింది. ఎవరూ మాట్లాడకూడదని తెలియక "ఉప్పు ఇటివ్వండి" అన్నాను. ఉప్పడిగితే ప్రాణం అడిగినట్టు చూశారు. సైగలేవో ఉన్నాయట. నేర్పవూ?

నీ కోడలు

~

పెద్ద మఠం
జులై 20

కోడలా,

నీ ఉత్తరం చదువుతూ కూర్చుని సాయంత్రం ప్రార్థనకి ఆలస్యంగా వెళ్ళాను. పాపం నీది, ఫాదర్ దగ్గర ఒప్పుకునే పాపసంకీర్తనం నాది.

భోజనం దగ్గర మౌనం ఆ హాలు పుట్టినప్పటి నియమం. ఒకరు నిలబడి పుస్తకం చదువుతారు, తక్కినవాళ్ళు వింటూ తింటారు. నోటికి ఒకేసారి రెండు పనులు చెప్పకూడదని స్థాపకురాలి ఉద్దేశం. సైగలు నేర్చుకో. ఉప్పు కావాలంటే పిడికిలి మీద రెండు వేళ్ళు రాల్చు, చిటికెడు వేస్తున్నట్టు. నీళ్ళకి మూడు వేళ్ళు నిలబెట్టు. రొట్టెకి రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళూ కలిపి గుండ్రంగా చూపించు. ఇంతే. ఈ మూడూ వస్తే ఆ బల్ల దగ్గర ఆకలితో చావవు.

బల్ల దగ్గర చదివేవాళ్ళు లేరని మదర్ రాసింది. అడుగు. చిన్నప్పుడు మందుసీసాల మీద చీటీలు కూడా పద్యాల్లా చదివేదానివి. ఒక్కటే ఇబ్బంది: చదివే మనిషి అందరూ లేచాక తినాలి. చల్లారిన కూరకి అలవాటు పడు.

గంట సిస్టర్‌కి నా నమస్కారాలు చెప్పు. చెప్పడమంటే, ఆమె మెడలో పలక వేలాడుతుంటుంది చూడు, దాని మీద రాయి. లేదా ముఖం ఎదురుగా నిలబడి నెమ్మదిగా పలుకు. పెదాలు చదువుతుంది.

అత్త

~

హాలు
సెప్టెంబర్ 18

అత్తా,

ఉద్యోగం వచ్చింది! జీతం చల్లారిన కూర.

ఎవరో పాతకాలపు ఫాదర్ ఒకాయన చేసిన సముద్ర ప్రయాణాల పుస్తకం చదువుతున్నాను. రెండో వారానికి నాకో సంగతి తెలిసింది. కొన్ని మాటలు చదివేటప్పుడు గదిలో చెంచాల చప్పుడు తగ్గుతుంది. "తెరచాప" అనగానే తగ్గింది. "చుక్కాని విరిగింది" అనగానే పూర్తిగా ఆగింది. లెక్కలు చదివే అమ్మాయి, తిండి తప్ప దేనికీ తల ఎత్తని మనిషి, నా వైపు చూసింది. అత్తా, మాటకి ఇంత బలం ఉంటుందని నాకెవరూ చెప్పలేదేం? ఇప్పుడు దారిలో కనిపించే బోర్డులన్నీ నోట్లో వేసుకుని చప్పరిస్తున్నాను. పళ్ళావిడ "అలా చప్పరిస్తే పుచ్చిపోతాయి" అంటోంది.

గంట సిస్టర్ నాకెదురుగా కూర్చుంటుంది, నా పెదాలే చూస్తూ. అన్నీ పట్టుకోలేదనుకుంటా, దూరం కదా. భోజనాలయ్యాక వచ్చి పక్కన కూర్చుంటుంది, నేను తింటూ ఆ రోజు కథ పలక మీద రాసిపెడతాను. వినపడదు కాబట్టి ఆవిడ ఎప్పుడూ గట్టిగానే మాట్లాడుతుంది. నిన్న హాలంతా వినేలా అరిచింది: "మీ అత్తకి ఊడ్చడం రాదు! చీపురు కూడా నేనే పట్టించాను! మొదటిసారి గంట కొట్టమంటే తాడుతో పాటు ఎగిరి గోడకి గుద్దుకుంది!" నువ్వు గుద్దుకున్న గోడ కూడా చూపించింది. అక్కడే నిలబడి, నువ్వు ఈ హాలు వదిలి పెద్ద మఠానికి వెళ్ళిన రోజు సంగతి చెప్పింది. "నిన్ను ఇక్కణ్ణుంచి ఎక్కడికీ కదపనివ్వను సిస్టర్" అని ఈ తాడు పట్టుకుని మాటిచ్చావట. "నాకింకేం కావాలి? ఈ తాడు కిందే పోతాను" అని తాడుని ఆవు మెడ నిమిరినట్టు నిమిరింది.

ఇక్కడ మాత్రం రోజురోజుకీ ఏదో ఒకటి తగ్గుతోంది. పూజ చెప్పడానికి ఫాదర్ ఆదివారమే వస్తున్నారు. ఉదయం పూట వేడినీళ్ళు ఆపేశారు. లైబ్రరీ గది బల్బులు తీసి మెట్ల దగ్గర పెట్టారు. పోయిన వారం ఇద్దరు మనుషులు టేపులు పట్టుకుని వసారాలు కొలిచారు. మదర్‌ని అడిగితే "చదువుకో" అంది. నువ్వు పెద్ద మఠం సలహా సభలో ఉన్నావు కదా, నీకేమైనా తెలుసా?

నీ కోడలు

~

పెద్ద మఠం
అక్టోబర్ 6

కోడలా,

పాత ఇల్లున్న చోట టేపులు పట్టుకుని ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. పైకప్పు కారుతోందని మదర్ ఎన్నాళ్ళుగానో రాస్తోంది.

సభలో ఏం మాట్లాడామో బయట చెప్పకూడదు, నీకైనా. ఇక్కడ మంచాన పడ్డ సిస్టర్లు చాలామంది ఉన్నారు. నా రోజంతా వాళ్ళ మందులతో, దుప్పట్లతో గడుస్తోంది. కొత్తగా చేరేవాళ్ళు లేరు. నీ వయసులో ఇవి ఆలోచించాల్సిన పనిలేదు.

చదవడం మానకు. పుస్తకం కాక హాలు సంగతులు కూడా అప్పుడప్పుడు బల్ల దగ్గర చదివించడం అక్కడి పద్ధతి. మదర్ ఏ కాగితమిస్తే అది ఇచ్చినట్టు చదువు. తొందరపడకు. ప్రతి మాటా చివరిదాకా పలుకు.

అత్త

~

హాలు
నవంబర్ 22

అత్తా,

నన్ను చూసి గర్వపడు.

నువ్వన్నట్టే మదర్ ఒక కాగితమిచ్చింది. స్థాపకురాలి నియమం ప్రకారం హాలు సంగతులు వరుసగా మూడు సాయంత్రాలు చదవాలట. ఎంత గంభీరమైన భాష! "వినియోగము నుండి విరమింపబడు నివాస భాగములను విశ్వవిద్యాలయమునకు పునఃసమర్పణము గావించుటకు గృహవాసుల సమ్మతి కోరడమైనది." పునఃసమర్పణము! రాత్రి మంచం మీద పడుకుని ఆ మాటే పది రకాలుగా పలికి చూశాను. దేవాలయంలో గుమ్మటం కింద నిలబడి పలకాల్సిన మాట. తాళం వేసిన తూర్పు వైపు గదులు యూనివర్సిటీకి తిరిగి ఇచ్చేస్తున్నారన్నమాట. పోనీలే, ఎలకలకి తప్ప ఎవరికి పనికొస్తున్నాయవి.

మొదటి సాయంత్రం కొంచెం తడబడ్డాను. రెండో సాయంత్రం ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసింది. మూడో సాయంత్రం, అత్తా, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చదవడం అయిపోగానే మదర్ బల్ల చుట్టూ ఒకసారి చూసింది, ఒక్కొక్కరి ముందూ, ఏదో వెతుకుతున్నట్టు. అందరూ తింటున్నారు. భోజనం దగ్గర ఎవరూ మాట్లాడరు కదా. మదర్ కాసేపాగి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, "చాలా బాగా చదివావమ్మా" అంది. మౌనం ముగియకముందే మాట్లాడింది! మదరే నియమం తప్పిందని పళ్ళావిడ బల్ల కింద నా కాలు తొక్కింది.

ఆ రోజు కూర చల్లారినా రుచిగానే ఉంది.

నీ కోడలు

~

పెద్ద మఠం
నవంబర్ 30

కోడలా,

బాగా చదివావని మదర్ రాసింది.

ఆ సాయంత్రాలు గంట సిస్టర్ బల్ల దగ్గర ఉందా? ఆమెకి కూడా పలక మీద రాసి చూపించావా? వెంటనే రాయి.

చలి మొదలైంది. మెడకి ఏదైనా చుట్టుకో.

అత్త

~

హాలు
డిసెంబర్ 5

అత్తా,

పరీక్షలు. అందుకే నాలుగు ముక్కలు. గంట సిస్టర్ మూడు రోజులూ బల్ల దగ్గరే ఉంది. పలక మీద రాయలేదు, ఆ భాష పలక మీద పడితే పలక పగులుతుంది. సముద్రం కథ మాత్రం రాశాను. ఓడ ఒడ్డుకి చేరిందని రాస్తే చప్పట్లు కొట్టింది.

ఎందుకలా అడిగావు?

~

హాలు
జనవరి 11

గౌరవనీయులైన సిస్టర్ గారికి,

సెలవులనుంచి తిరిగొచ్చేసరికి మా తలుపు మీద యూనివర్సిటీవాళ్ళ ప్రకటన అంటించి ఉంది. మార్చి నెలాఖరుకి హాలు మూసేస్తారు. తూర్పు వైపు కాదు, మొత్తం. ప్రార్థనాలయంతో సహా. తర్వాత ఆఫీసులు. "నివాసులందరూ నియమానుసారం సమ్మతి తెలిపినందున" అని రాశారు. చదివి నవ్వాను. మేమెప్పుడు సమ్మతి తెలిపామని.

పళ్ళావిడ నవ్వలేదు. "నువ్వే కదా చదివావు," అంది.

"నేను చదివింది తాళం వేసిన గదుల గురించి!"

"తాళం అనే మాట అందులో ఉందా?"

లేదు. నాకది ఇప్పటికీ కంఠతా వచ్చు. అందులో తాళం లేదు, తూర్పు లేదు.

"నోరు తిరగని మాటలు నువ్వంత తియ్యగా చదువుతుంటే నాకు నిద్రొచ్చింది," అంది. "మత్తిచ్చి పన్ను పీకడమంటే ఇదే."

లెక్కల అమ్మాయి మూడు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. వాళ్ళ నాన్న బయట గది ఇప్పించలేడు. ఈ హాలు లేకపోతే చదువు లేదు.

గంట సిస్టర్ దగ్గరికి పరిగెత్తాను. మీరు అడిగిన ప్రశ్న అప్పటికి నా బుర్రలో తిరుగుతోంది. పలక మీద అంతా రాశాను. ఆవిడ చదివి, నా ముఖంలోకి చూసి, ఒకే ఒక్క మాట అడిగింది. ఎప్పట్లా గట్టిగా.

"ఎవ్వరూ గ్లాసు బోర్లించలేదా?"

నాకు అర్థం కాలేదని చూసి ఆవిడే చెప్పింది. హాలు సంగతి మూడు సాయంత్రాలు చదివాక, ఇష్టం లేనివాళ్ళు మాట్లాడకుండానే తమ గ్లాసు బోర్లించాలట. ఒక్క గ్లాసు బోర్లా పడినా ఆ పని ఆగిపోవాలట. అది స్థాపకురాలి నియమం. మూడో రోజు మదర్ బల్ల మీద వెతికింది దానికోసం. అది తెలిసినవాళ్ళు ఈ గదిలో ఇద్దరే. ఒకరు మదర్. రెండోవారికి చెవులు లేవు. "నీ పెదాలు కదులుతుంటే ఎప్పట్లా ఓడ కథనుకున్నాను" అంది.

ఇక నేను. అది చదివిన మనిషిని. చదివేవాళ్ళు అందరూ లేచాక తింటారు. నా ముందు గ్లాసే లేదు.

ఉప్పుకి సైగ నేర్పారు. నీళ్ళకి నేర్పారు. రొట్టెకి నేర్పారు. "ఇంతే" అన్నారు. ఈ హాలుకి మదర్‌గా పనిచేసిన మీకు నాలుగోది గుర్తురాలేదంటే నేను నమ్మను. చదివే పని అడగమని చెప్పింది మీరు. తొందరపడకుండా ప్రతి మాటా చివరిదాకా పలకమని చెప్పింది మీరు.

పలికాను సిస్టర్ గారూ. చివరిదాకా పలికాను.

ఇట్లు,
పై అంతస్తు చివరి గదిలో ఉంటున్న విద్యార్థిని

~

పెద్ద మఠం
జనవరి 25

కోడలా,

నువ్వు ఏమని పిలిచినా నేను ఇలాగే పిలుస్తాను.

గ్లాసు సంగతి నాకు గుర్తుంది. చెప్పలేదు.

ఇక్కడి సంగతి విను. ఇరవై మందికి పైగా ముసలివాళ్ళం. ఎత్తి పడుకోబెట్టడానికి చేతులున్నవాళ్ళు నలుగురు. ఆరుగురు అమ్మాయిల కోసం అంత భవనాన్ని నిలబెడితే ఇక్కడ మంచాల మీద వాళ్ళని ఎవరు చూస్తారు? సభలో చేతులెత్తమన్నప్పుడు నేనూ ఎత్తాను. మళ్ళీ ఎత్తమన్నా ఎత్తుతాను. నియమం ప్రకారం నివాసుల సమ్మతి తప్పనిసరి. నియమం తప్పలేదు.

నిన్నే ఎందుకు చదవమన్నానంటావు. ఎవరో ఒకరు చదవాలి. చక్కగా చదివేవాళ్ళు చదివితే ఆ ఇల్లు కనీసం మర్యాదగా ముగుస్తుందనుకున్నాను. నేను బతికింది ఆ ఇంట్లో. దాని మరణవార్త నత్తినత్తిగా చదివించడం ఇష్టం లేకపోయింది. ఇది నీకు అన్యాయంగా అనిపిస్తే, అన్యాయమే.

గంట సిస్టర్ బల్ల దగ్గర ఉందా అని ఎందుకడిగానో నేనే సరిగ్గా చెప్పలేను. ఆమె బోర్లించి ఉంటే బాగుండునని కొంత. బోర్లించకుండా ఉంటే బాగుండునని కొంత. ఏ కొంత ఎక్కువో దేవుడికి తెలుసు.

మీ ఆరుగురికీ వేరే హాస్టళ్ళలో చోటు చూడమని యూనివర్సిటీకి రాశాను.

అత్త

~

హాలు
ఫిబ్రవరి 8

సిస్టర్ గారికి,

చోటు దొరికింది, అందరికీ కాదు. లెక్కల అమ్మాయి నిన్న పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి నాతో "నీ గొంతు బాగుంటుంది" అంది. తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

ఆమె వెళ్ళకముందు ఒక సాయంత్రం, ముందే అనుకుని, అమ్మాయిలందరం గ్లాసులు బోర్లించాం. నేను చదవకుండా వచ్చి బల్ల దగ్గర కూర్చుని నాదీ బోర్లించాను. మదర్ ఒక్కొక్క గ్లాసూ చూసింది. తర్వాత చాలా మృదువుగా, మౌనం తప్పి, "ఏమ్మా, ఈ రోజు ఎవరికీ నీళ్ళు వద్దా?" అంది.

మూడు సాయంత్రాలు ఎప్పుడో అయిపోయాయట.

మీరిచ్చిన మాట సంగతి గంట సిస్టర్ మర్చిపోలేదు. హాలు మూసినా తనని కదపరనే అనుకుంటోంది. "ఆఫీసులు పెడితే పెట్టనీ, గంట ఎవరు కొడతారు? మీ అత్త చూసుకుంటుంది" అంటోంది.

~

పెద్ద మఠం
మార్చి 3

కోడలా,

గంట సిస్టర్ కోసం నా పక్క గది సిద్ధం చేయించాను. కిటికీ తోట వైపు ఉంటుంది. నెలాఖరున ఇక్కణ్ణుంచి బండి పంపిస్తాం.

ఇక్కడ గంట కరెంటుది. మీట నొక్కితే మోగుతుంది. ఈ సంగతి ఆమెకి ఇప్పుడే చెప్పనక్కర్లేదు.

వచ్చేయాలని మాత్రం చెప్పాలి. మదర్ తన వల్ల కాదంటోంది. నేను రాస్తే కాగితం చూసి అర్థం కానట్టు పక్కన పెట్టేస్తుంది, నాకు తెలుసు. నువ్వే చెప్పు. నీ పెదాలు ఆమెకి అలవాటు.

అత్త

~

హాలు
మార్చి 30

అత్తా,

"సిస్టర్ గారికి" అని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. మీరు, గారు అంటుంటే కోపం సరిగ్గా రావడం లేదు. బయటివాళ్ళ మీద వచ్చే కోపంలా వస్తోంది. నాది అలాంటిది కాదు.

నువ్వు చెప్పమన్నది చెప్పాను. మళ్ళీ నేనే. ఈ ఇంట్లో చేదు కబురేదైనా నా నోటి గుండానే పోవాలి కాబోలు.

భోజనాలయ్యాక ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, చిన్న చిన్న మాటల్లో చెప్పాను. నిన్ను పెద్ద మఠానికి తీసుకెళ్తారు. బండి వస్తుంది. ఇక ఇక్కడికి రావు. పునఃసమర్పణము లాంటివి ఒక్కటీ వాడలేదు. ఆవిడ అర్థం కానట్టు పలక చేతికిచ్చింది. రాశాను. చదివి, కొంగుతో తుడిచేసింది.

"రేపు మళ్ళీ చదువు," అంది.

పెద్దావిడ కదా, మతిమరుపనుకున్నాను. మర్నాడు సాయంత్రం మళ్ళీ రాశాను. మళ్ళీ తుడిచేసింది. "రేపు మళ్ళీ." అప్పుడు గానీ నాకు వెలగలేదు. హాలు సంగతి కదా, మూడు సాయంత్రాలు చదవాలి. నువ్వూ మదరూ కలిసి నియమం తప్పకుండా నియమాన్ని చంపేశారు. ఆవిడ మాత్రం తనని పంపించే కబురుకి కూడా దాని మర్యాద దానికి ఇస్తోంది.

మూడో సాయంత్రం నిన్న. బల్ల దగ్గర మదర్, పళ్ళావిడ, ఇంకో ఇద్దరం. నేను నిలబడి చదవలేదు. ఆవిడ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, పెదాలు కదిపి, పలక మీద కూడా రాశాను. ఆవిడ చివరి మాటదాకా చదివింది. తుడవలేదు. పలకని జాగ్రత్తగా పక్కన పెట్టింది. గ్లాసు నిండా నీళ్ళున్నాయి. ఆ నీళ్ళతోనే గ్లాసుని పట్టుకుని బోర్లించింది. నీళ్ళు బల్ల మీద పారి మదర్ ఒళ్ళో పడ్డాయి. నేను మదర్‌నే చూస్తున్నాను. ఈసారి మూడు సాయంత్రాలు దాటలేదు కదా. ఏమంటుందా అని.

మదర్ లేచి గుడ్డ తెచ్చింది. బల్ల తుడిచింది. గ్లాసు చుట్టూ తుడిచింది గానీ గ్లాసుని తాకలేదు. తాకలేకపోయింది. "నాకు వచ్చిన ఆజ్ఞ నేను పాటించాలి సిస్టర్" అంది, ఆవిడకి వినపడదని తెలిసీ. గుడ్డ పట్టుకునే వంటింట్లోకి వెళ్ళి ఇంక బయటికి రాలేదు.

గంట సిస్టర్ నా వైపు తిరిగి, "చూశారుగా అందరూ?" అని గట్టిగా అడిగింది. "చూశాం సిస్టర్" అన్నాం. పెదాలు చదివి తృప్తిగా తలూపింది. తన గది సర్దొద్దంది. పని ఆగిపోయింది కదా, సర్దడం ఎందుకట. ఆవిడ దృష్టిలో అది ఆగిపోయింది, అత్తా. నియమం మీద ఆవిడకి ఉన్న నమ్మకంలో ఇసుమంత కూడా నాకు నీ మీద లేదు. ఒకప్పుడు ఉండేది.

ఈ రోజు మధ్యాహ్నం ఆవిడ నిద్రపోతుంటే నేనూ పళ్ళావిడా కలిసి ఆవిడ పెట్టె సర్దాం. రెండు జతల బట్టలు, జపమాల, అరిగిపోయిన చెప్పులు. పళ్ళావిడ జోకులు వెయ్యలేదు. "మనం చేస్తున్నది కూడా అదే పని కదే," అంది ఒక్కసారి. అవును, అదే పని. మేం సర్దకపోతే బండితో వచ్చినవాళ్ళు సంచిలో కుక్కుతారు, అందుకని. నీ ఉత్తరంలో ఉన్న కారణం లాంటిదే ఇదీ. మర్యాదగా ముగియాలని.

ఆ గ్లాసు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. దాన్ని తిప్పకుండా, బోర్లా ఉన్నది ఉన్నట్టే బల్ల అంచుకి జరిపి, ఒక పళ్ళెంలోకి తీసుకుని తెచ్చాను.

ఈ ఉత్తరం టపాలో వెయ్యను. రేపు పొద్దున్న మొదట గంట దగ్గరికి వెళ్తాను. తాడు ఆవిడే పట్టుకుంటుంది, నేను వెనక నిలబడతాను, వణుకు ఆగేదాకా. తర్వాత బండి వస్తుంది. ఆవిడతో పాటు నేనూ ఎక్కుతాను, డ్రైవరు వద్దన్నా సరే. ఆ పళ్ళెం దారంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. అక్కడికి చేరేసరికి మీ భోజనాల వేళ అవుతుంది. గ్లాసుని నీ బల్ల మీద నీ ఎదురుగా పెట్టి, ఈ ఉత్తరం మీవాళ్ళందరూ వినేలా నిలబడి చదువుతాను. తొందరపడను. ప్రతి మాటా చివరిదాకా పలుకుతాను.

నీ కోడలు